ఆమె దీపం ఎందుకు ఆర్పలేదు

శనివారం నాలుగింటికి
నరీన్ గ్రంథాలయం వెనక గదిలో
బొగ్గుల పొయ్యి ముట్టిస్తాను.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు.
గోటితో గీకితే
నది కనబడేంత కంత.

ముందు ఐజిరెక్ వస్తుంది, వెనకే మీరిమ్,
ఆ తర్వాత, బూట్లకంటిన మంచు దులపకుండా, తాలాంత్.
దులపమని వాడికి పదకొండేళ్లప్పటి నుంచీ చెబుతున్నాను.
మే నెలలో పరీక్ష.
గట్టెక్కితే బిష్కెక్‌లో సీటు, లేకపోతే గొర్రెలు.
గొర్రెలేం తక్కువ, అంటాను.
ఎవరూ నవ్వరు.

మా కిర్గిజ్‌లో "అల్" ఒక్కటే.
అతడు, ఆమె, అది,
గుర్రం, పోయిన తాత,
అందరికీ ఒకటే కోటు.
ఇంగ్లీషు గడప దగ్గర మాత్రం
ఎవరో అడ్డంగా నిలబడి అడుగుతారు:
ఆడా? మగా? వస్తువా?
మీరిమ్ వ్యాసంలో వాళ్లమ్మ
మొదటి వాక్యంలో హి, మూడో వాక్యంలో షి,
పాలు పితికే చోటికొచ్చేసరికి ఇట్.
ఎర్రసిరా కలం కాసేపు గాల్లోనే ఆగింది.
ఆ ఇంట్లో మగవాడి పనీ ఆవిడదే,
యంత్రం పనీ ఆవిడదే.
అయినా దిద్దాను.
మార్కులు పోతాయి కదా.

"ఎ ఎప్పుడు పెట్టాలి, ది ఎప్పుడు?"
ఏటా అడుగుతారు, ఏటా అదే చెబుతాను.
ముక్కూ మొహం తెలియని కుక్క మొరిగితే ఎ.
రెండో వాక్యంలో మళ్లీ అదే మొరిగితే
ఇక పరిచయమైనట్టే, ది.
"కరిస్తే?" అన్నాడు తాలాంత్.
కరిస్తే ది, నాయనా. అందులో సందేహం లేదు.

నేనూ గొప్పదాన్నేం కాదు.
పాత రేడియో పక్కన చెవి పెట్టి నేర్చుకున్నదాన్ని.
ముప్పై ఏళ్లు షీప్‌ని షిప్ అనే పలికాను.
ఒక వేసవిలో సైకిలు మీదొచ్చిన విదేశీ పిల్ల
"ఈ కొండల్లో అన్ని ఓడలా?" అని
కళ్లు పెద్దవి చేసేదాకా.
సముద్రాన్ని నేను చూడలేదు, వీళ్లూ చూడలేదు.

ఇవాళ్టి పాఠంలో సముద్రమే.
ఒడ్డున ఇల్లు, ఇంట్లో ఒక మనిషి.
ఆమె రాత్రంతా దీపం ఆర్పదు.
ఎందుకు? రెండు మార్కులు.

ఐజిరెక్ చకచకా రాసేసింది: ఆశకు చిహ్నం.
ఆ మాట ఎక్కడ పట్టిందో నాకు తెలుసు, నా దగ్గరే.
తాలాంత్ కలం మూత నమిలాడు.
వాళ్ల నాన్న దొలోన్ కనుమ దాటించి లారీ తోలుతాడు.
వాడి జవాబు, క్రియల తప్పులు నేను సరిచేశాక, ఇది:
"మంచు పడితే మా వీధిలో ఇంటి నంబర్లు కనబడవు.
దీపం ఉన్నది మా ఇల్లు.
రాత్రి రెండింటికి లారీ దిగినవాడికి అది తెలియాలి.
తెలియకపోతే పక్కింటి తలుపు కొడతాడు.
ఆ కుక్క మంచిది కాదు."

కుక్క ముందు ది
సరిగ్గా పెట్టాడు.

జవాబుల పుస్తకం తిరగేశాను.
ఆశ ఉంది. ఎదురుచూపు ఉంది.
కుక్క లేదు.
రెండు వేసి, కొట్టేసి, మళ్లీ రెండు వేశాను.
"పరీక్షలో మాత్రం ఆశ అని రాయి."
"హోపింగ్‌లో ఎన్ని పీలు?"
ఒకటే. రెండు పెట్టావంటే
ఆశపడుతున్న మనిషి
ఒంటికాలి మీద గెంతుతూ ఉంటుంది.
ఈసారి మీరిమ్ నవ్వింది,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చాలాసేపు.

ఆరున్నరకి అందరూ వెళ్లిపోయారు.
పొయ్యిలో బూడిద కదిపాను, పుస్తకాలు సర్దాను.
కరెంటు బిల్లు గ్రంథాలయానిది,
వెళ్లేవాళ్లు ఆర్పి వెళ్లాలని గోడ మీద నోటీసు,
నా చేతిరాతే.

ఆర్పాను.
రెండడుగులు వేశానో లేదో
తాలాంత్ బూట్ల మంచు కరిగిన నీళ్లలో
కాలు జారింది.